డెబ్బై రెండేళ్ళ నాన్నగారు, సెస్నా 172, ఇద్దరు మనవలు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా నాన్నగారు డాలస్ దగ్గర ఉంటారు. 72 ఏళ్ళు. యాభై దాటాక సరదాకి ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకుని, సెస్నా 172 అనే సొంత చిన్న విమానంలో ఐదారు వందల గంటలు తిరిగారు. సంక్రాంతికి అందరం అమలాపురం వచ్చాం. చెప్పిన కథే మళ్ళీ చెబుతున్నారు. అంబాజీపేట వెళ్ళి వస్తూ దారి తప్పారు. కారు నడుపుతూ పక్కనుంచి వచ్చిన ఆటోని చూసుకోలేదు, మా తమ్ముడు అరిస్తే బ్రేకు వేశారు. వేసవిలో నా పిల్లలిద్దరినీ విమానం ఎక్కిస్తానంటున్నారు. ఆయన్ని ఆపాలా? ఆపాలంటే ఎలా చెప్పాలి?"

అమ్మా, ముందు నేనెవరో చెప్పుకోవాలి. నాకు 71. 1975లో బేగంపేటలో పుష్పక్ మీద మొదటిసారి ఒంటరిగా ఎగిరాను. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు ఫ్లయింగ్ క్లబ్బుల కోసం చేసిన రెండు సీట్ల విమానం అది. గుడ్డ కప్పిన రెక్కలు, తోక కింద బుల్లి చక్రం, 90 హార్స్‌పవర్ ఇంజను. తర్వాత ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కుర్రాళ్ళకి ఎగరడం నేర్పాను. ఇప్పుడు అమలాపురం దగ్గర ఎకరంన్నర కొబ్బరితోట చూసుకుంటూ కూర్చున్నాను. పైలట్ సీటు వదిలేశాను. ఎందుకు వదిలానో కింద చెబుతాను.

పిల్లల సంగతి ముందే తేల్చేస్తాను. నేను చెప్పబోయే పరీక్ష అయ్యేదాకా వాళ్ళని ఎక్కించొద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు. ఆయన ఒక్కరే ఎగరడం వేరే మాట, దానికి తొందర లేదు.

మీరు చెప్పిన మూడు సంగతులకీ ఒకే బరువు లేదు. కథ రెండోసారి చెప్పడం సంగతి తీసుకోండి. సంక్రాంతికి మన ఇళ్ళలో పెద్దవాళ్ళంతా చేసేది అదే, కోడిపందెం కథ నేనే ఏటా చెబుతాను. చెప్పిన పావుగంటకే, చెప్పానన్న స్పృహ లేకుండా మళ్ళీ మొదలుపెడుతున్నారా అన్నది చూడాలి. అదయితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన విషయం. ఇక అంబాజీపేట దారి. ఆయన ఊరు వదిలి నలభై ఏళ్ళయి ఉంటుంది. అప్పటి కొబ్బరితోటలు ఇప్పుడు లేఅవుట్లు. పైగా డాలస్‌కీ మనకీ జనవరిలో పదకొండున్నర గంటల తేడా. దిగిన మొదటి వారం మనిషి ఒళ్ళు ఇక్కడ, బుర్ర అక్కడ. ఆ వారంలో చూసినదాన్ని బట్టి ఎవరి తెలివినీ తూచకూడదు.

ఆటో మాత్రం నాకు నచ్చలేదు. ఆ క్షణంలో ఆయన ఏం చేస్తున్నారో గుర్తు తెచ్చుకోండి. మాట్లాడుతున్నారా? ఫోన్లో దారి చూస్తున్నారా? ఊరికే రోడ్డు చూస్తూ నడుపుతుండగానే ఆటో కనబడలేదంటే ముందు కళ్ళు చూపించాలి. రెండో పని చేస్తుండగా కనబడకపోతే అది దృష్టి పంచుకోవడంలో వచ్చిన లోటు. విమానంలో మనిషిని దెబ్బతీసేది ఎక్కువగా ఈ రెండోదే.

దీన్ని నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది మా తోటలో దింపు తీసే ఆయన. అరవై రెండేళ్ళు. పదిహేనో ఏట నుంచీ చెట్లెక్కుతున్నాడు. నిరుడు వర్షాల తర్వాత కొడుకుని వెంటబెట్టుకొచ్చి, "ఇక మావాడు ఎక్కుతాడండి, నేను కింద నుంచి చూస్తాను" అన్నాడు. కాళ్ళు నొప్పులా అని అడిగాను. కాదన్నాడు. "ఎక్కడం బాగానే ఉందండి. ఇదివరకు మట్ట విరిగితే చెయ్యి దానంతటదే ఇంకో మట్ట మీదికి పోయేది. ఇప్పుడు ముందు నేను చూడాలి, తర్వాత చెయ్యి వెళ్తోంది. ఆ మధ్యలో కాస్త ఖాళీ ఉంటోందండి" అన్నాడు. మానసిక శాస్త్రం పుస్తకాలు పేజీలకి పేజీలు రాసేది ఆ ఖాళీ గురించే.

అలవాటైన పని వయసుతో తొందరగా పోదు. మీ నాన్నగారికి టేకాఫ్, ల్యాండింగ్, రేడియో మాటలు అన్నీ చేతుల్లోకి ఇంకిపోయి ఉంటాయి. మామూలు రోజున, తెలిసిన రన్‌వే మీద, గాలి నిలకడగా ఉంటే ముప్ఫై ఏళ్ళ కుర్రాడికన్నా ఆయనే అందంగా దింపొచ్చు. తగ్గేవి వేరే ఉన్నాయి. విన్న నాలుగు అంకెల్ని పది సెకన్లు బుర్రలో నిలబెట్టుకోవడం, చేస్తున్న పని మధ్యలో వదిలేసి ఇంకోదానికి మారడం, మొదలుపెట్టిన పనిని ఆపుకోవడం, రెండు పనుల మీద ఒకేసారి కన్నెయ్యడం. ఇవన్నీ ఒకేసారి కావలసివచ్చేది అనుకోనిది జరిగినప్పుడే. అందుకే ఏళ్ళ తరబడి ఏమీ జరగకపోవడం ఏమీ తగ్గలేదనడానికి రుజువు కాదు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 40 నుంచి 69 ఏళ్ళ మధ్య ఉన్న 118 మంది పైలట్లని మూడేళ్ళపాటు ఏటా సిమ్యులేటర్లో (నేల మీదే విమానం నడిపినట్టుండే యంత్రంలో) కూర్చోబెట్టి చూశారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. పెద్ద వయసువాళ్ళ మార్కులు మొదట్లో తక్కువగా ఉన్నాయి. కానీ ఆ మూడేళ్ళలో వాళ్ళ మార్కులు చిన్నవాళ్ళ మార్కులు తగ్గినంతగా తగ్గలేదు. ఎక్కువ స్థాయి రేటింగులు (పైలట్ అర్హతలు) ఉన్నవాళ్ళు ఏ వయసులోనైనా మెరుగ్గా నిలబడ్డారు. ఇది మీ నాన్నగారికి ఊరట కలిగించేదే. అనుభవం కొంతవరకు గట్టులా కాస్తుంది. వరద ఎంత ఎత్తు వస్తే ఆ గట్టు పొర్లుతుందో మనిషి మనిషికీ మారుతుంది, వయసు అంకె చూసి చెప్పలేం.

అంకె మీద చట్టానికీ నమ్మకం లేదు. అమెరికాలో విమానయాన సంస్థల పైలట్లకి 60 ఏళ్ళ హద్దు ఉండేది, 2007 డిసెంబరులో దాన్ని 65 చేశారు. సరదాకి ఎగిరేవాళ్ళకి పైహద్దే లేదు. అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ 77వ ఏట అంతరిక్షానికి వెళ్ళొచ్చాడు. బాబ్ హూవర్ సంగతి ఇంకా చిత్రం. విమాన విన్యాసాల్లో ఆయన్ని మించినవాడు లేడనేవారు. డెబ్బై దాటాక, బుర్ర చురుకు తగ్గిందన్న అనుమానంతో అమెరికా విమానయాన శాఖ ఆయన మెడికల్ (ఎగరడానికి ఆరోగ్యం సరిపోతుందనే పత్రం) తీసేసింది. ఆస్ట్రేలియా వాళ్ళు మాత్రం ఎగరనిచ్చారు. ఏళ్ళ తరబడి వాదనలు, పరీక్షలు, డాక్టర్లు. చివరికి 1995లో అమెరికా మెడికల్ తిరిగి వచ్చింది, ఆ తర్వాత కూడా ప్రదర్శనలిచ్చాడు. ప్రపంచమంతా చూస్తున్న ఒక మనిషి విషయంలోనే నిపుణులకి మాట కలవలేదు. కాబట్టి ఆసుపత్రి నుంచి 'ఎగరొచ్చు', 'ఎగరకూడదు' అని తేల్చిచెప్పే కాగితం ఒకటి వస్తుందని మీరు ఎదురు చూడకండి.

మరి అక్కడి కాగితాలు ఏం చూస్తాయంటారా? 2017 మే నుంచి బేసిక్‌మెడ్ అనే పద్ధతి ఉంది. నాలుగేళ్ళకోసారి మామూలు డాక్టరు చేత పరీక్ష, రెండేళ్ళకోసారి ఆన్‌లైన్ పాఠం. రెండేళ్ళకోసారి ఇన్‌స్ట్రక్టరుతో ఫ్లయిట్ రివ్యూ ఉంటుంది, తక్కువలో తక్కువ గంట నేల మీద పాఠం, గంట గాల్లో. మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. అంతే. ఫ్లయిట్ రివ్యూలో ఫెయిలవడం అనేది లేదు, ఇన్‌స్ట్రక్టరుకి నచ్చకపోతే సంతకం పెట్టడు. పదిహేనేళ్ళుగా కలిసి కాఫీ తాగుతున్న ఇన్‌స్ట్రక్టరు సంతకం పెట్టకుండా ఉంటాడా? నేనూ ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే కాబట్టి చెబుతున్నాను, పెడతాడు.

పరీక్షకి వెళ్ళేముందు మందుల డబ్బా తెరవండి. మన వాళ్ళకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే డాలస్‌లో రాసిన మాత్రలూ, అమలాపురం మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న మాత్రలూ ఒకే సంచిలో ఉంటాయి. అక్కడ విమాన ప్రమాదాల్లో పోయిన పైలట్ల రక్తపరీక్షల మీద ప్రమాదాల దర్యాప్తు బోర్డు 2014లో ఒక అధ్యయనం వేసింది. మత్తు కలిగించగల మందుల్లో ఎక్కువగా కనబడింది డైఫెన్‌హైడ్రమిన్. పేరు కొత్తగా ఉందేమో కానీ, మన ఇళ్ళలో ఫ్రిజ్ మీద ఉండే బెనడ్రిల్ దగ్గు సిరప్‌లో ఉండేది అదే. అది వేసుకుంటే 60 గంటలు ఎగరొద్దని అక్కడి విమానయాన శాఖ సలహా. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ అయితే ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి. నిద్రపట్టడం లేదని అల్ప్రజోలమ్ వేసుకునేవాళ్ళు మన దగ్గర ఇంటికొకరున్నారు. మర్నాటికి మత్తు దిగిందనిపిస్తుంది గానీ పూర్తిగా దిగదు.

ఇంకోటి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బీ12 తగ్గొచ్చు. పైగా శాకాహారులైతే మరీ. బీ12 తగ్గితే మతిమరుపు వస్తుంది, థైరాయిడ్ తగ్గినా వస్తుంది. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే పగలంతా బుర్ర మసకగా ఉంటుంది. చెవి మందగిస్తే రేడియోలో సగం వినబడక, విన్నది మరిచిపోయినట్టు కనబడతారు. ఇవన్నీ సరిచెయ్యగలిగేవి. 'నాన్నగారికి వయసైపోయింది' అనే తీర్పు ఇచ్చేముందు రెండు రక్తపరీక్షలు, ఒక చెవి పరీక్ష, ఒక కంటి పరీక్ష చేయించడం న్యాయం. కంటి విషయంలో ఒకటే మాట. అరవై ఏళ్ళ కంట్లో రెటీనాకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళప్పటి దాంట్లో సుమారు మూడో వంతు. రాత్రిపూట ఎగరడం అన్నిటికన్నా ముందు మానెయ్యాల్సింది అందుకే. పరీక్షలన్నీ బాగున్నా సరే.

ఇప్పుడు పరీక్ష. ఆయనకి పరిచయం లేని ఇన్‌స్ట్రక్టరు, వీలైతే పరిచయం లేని ఎయిర్‌పోర్టు. అక్కడ ప్రజలు వాడుకోగల ఎయిర్‌పోర్టులే ఐదు వేల దాకా ఉన్నాయి, వెతుక్కోవడం కష్టం కాదు. (మనకి కోనసీమ మొత్తానికీ దగ్గరున్నది మధురపూడిలోని రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఒక్కటి. సరదాకి ఎగరడం అన్న మాటే ఇక్కడ వింత.) ఆ ఇన్‌స్ట్రక్టరుతో మీ నాన్నగారే ఫోన్లో చెప్పాలి: "నా ల్యాండింగులు చూడొద్దు. నన్ను కంగారు పెట్టు."

ఆ ఇన్‌స్ట్రక్టరు నేనైతే ఇలా చేస్తాను. తెలియని ఊరికి బయలుదేరి సగం దారిలో ఉండగా, "వాతావరణం బాగాలేదు, ఇంకో ఎయిర్‌పోర్టుకి మళ్ళించండి, ఎంతసేపు పడుతుంది, ఇంధనం ఎంత మిగులుతుంది" అని అడుగుతాను. ఆయన లెక్క వేస్తుండగా ఎత్తు చూస్తాను. రెండు వందల అడుగులు జారితే ఫరవాలేదు. జారినట్టు ఆయనే గమనించారా, నేను దగ్గాక గమనించారా అన్నదే నాకు కావాలి. ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి దారిలో) నేలకి రెండు వందల అడుగులుండగా "రన్‌వే మీద ఆవు, గో అరౌండ్" అంటాను, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవమని. చెయ్యి థ్రాటిల్ (ఇంజను జోరు పెంచే మీట) మీదికి వెంటనే వెళ్తుందా, లేక ల్యాండింగు ఇంకా మనసులో సాగుతూ ఉంటుందా? మా దింపు ఆయన చెప్పిన ఖాళీ అక్కడ సెకన్లలో కొలవొచ్చు. ఆఖరికి టవరు మాట్లాడినట్టు దిశ, ఎత్తు, ఫ్రీక్వెన్సీ, కోడు నాలుగూ ఒక్క ఊపిరిలో చెబుతాను. మంచి మార్కులు రెండు రకాల వాళ్ళకి వేస్తాను. టకటకా తిరిగి చెప్పినవాళ్ళకి ఒకటి. మోకాలి మీద పలక మీద రాసుకునో, "ఒక్క నిమిషం ఆగండి" అనో, ముందు విమానం సరిచూసుకుని తర్వాత జవాబిచ్చినవాళ్ళకి ఇంకొకటి. రెండోవాళ్ళే నాకు ఎక్కువ నచ్చుతారు. జ్ఞాపకం తగ్గిందని తెలిసి పెన్సిలు పట్టుకున్నవాడు ఇంకా పైలటే. తగ్గలేదని వాదిస్తూ తప్పు అంకె చెప్పినవాడి విమానంలో నేను ఎక్కను.

నా సంగతి చెబుతానన్నాను. నాకు 65 నిండిన ఏడాది. ఒక కుర్రాడితో సర్క్యూట్లు, అంటే లేచి రన్‌వే పక్కగా చుట్టు తిరిగి మళ్ళీ దిగడం, తిరుగుతున్నాను. అంతకుముందే వాడు రెండు ల్యాండింగులు చెడగొట్టాడు, ఈసారి నేను చూపిస్తానని కంట్రోల్ తీసుకున్నాను. డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి ఎదురుగా వెళ్ళే దారిలో) ఉండగా టవరు చెప్పింది: డౌన్‌విండ్ పొడిగించు, ఫైనల్‌లో ఐదు మైళ్ళ దూరంలో ఏటీఆర్ (ప్రయాణికుల విమానం) ఉంది, దాని వెనక నువ్వు రెండో నంబరు, ప్రెషరు 1008. నేను తిరిగి చెప్పాను, అన్నీ సరిగ్గా. కుర్రాడికి గాలి గురించి ఏదో చెబుతూ, అలవాటైన చోటు రాగానే, అలవాటైనట్టే బేస్‌కి (రన్‌వే వైపు మళ్ళే మలుపు) తిప్పడం మొదలుపెట్టాను. వాడు మెల్లిగా, "సార్, ఎక్స్‌టెండ్ అన్నారు కదా" అన్నాడు.

రెక్కలు సరిచేశాను. ఏమీ కాలేదు, ఏటీఆర్ ఇంకా దూరంగానే ఉంది. అప్పుడు నేను వాడితో అన్నమాట: "నువ్వు వింటున్నావో లేదో చూద్దామని తిప్పాను."

వాడు నమ్మాడు. పైగా గౌరవం పెరిగినట్టుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఎవరైనా చేస్తారు, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు నా పక్కన కూర్చుని అంతకన్నా పెద్దవి చేశారు. కానీ ఆ అబద్ధం ఎంత తేలిగ్గా నోట్లోంచి ఊడిపడింది! ఇంకెన్నిసార్లు ఇలా కప్పిపుచ్చుకుని మరిచిపోయానో నాకే తెలియదు కదా. మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి నిజం చెప్పాను. నా సీనియర్ దగ్గరికి వెళ్ళి, ఇకమీదట కింద పాఠాలూ సిమ్యులేటరూ చెబుతానన్నాను. ఆయన, "ఇంత చిన్నదానికా" అన్నాడు. ఇల్లాలు మాత్రం, "మీరు ఫోన్లో మాట్లాడుతూ కుళాయి కట్టడం మరిచిపోతున్నారు, ఏడాదిగా చెప్పాలనుకుంటున్నాను" అంది. ఏడాదిగా!

మీ ఇంట్లో కూడా ఆ ఏడాది నడుస్తోందేమో. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మన ఇళ్ళలో తండ్రికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అల్లుడి ముందో, మనవల ముందో ఆ ఊసు ఎత్తకండి. 'మీకు వయసైపోయింది' అన్నారంటే ఇక సంభాషణ అక్కడితో సరి. ఆయనకి ఆ విమానం ఏమిటో ముందు ఆలోచించండి. పాతికేళ్ళు ఎవరో ఇచ్చిన ఉద్యోగం చేసి, పరాయి దేశంలో తనంతట తాను సంపాదించుకున్న విద్య అది. మిగతా చోట్లన్నీ ఆయన ఫలానా వాళ్ళ తాతగారు. అక్కడ ఒక్కచోటే పైలట్.

అందుకని తీర్పు మోసుకెళ్ళకండి. ఆయన చేతే ఒక ఒప్పందం రాయించండి, ఇప్పుడే, బుర్ర బాగున్నప్పుడే. ఎవరు 'ఇక చాలు' అంటే తాను వాదించకుండా ఆపుతారో ఆయనే ఒక మనిషిని ఎంచుకోవాలి. ఆ మనిషి మీరు కాకపోవడమే మంచిది. పైలటైన స్నేహితుడో, ఆ కొత్త ఇన్‌స్ట్రక్టరో అయితే మేలు. దేనికి ఆపాలో కూడా రాసుకోవాలి: టవరు మాట రెండుసార్లు తప్పితే, రన్‌వే పొరబడితే, పెట్టిన ఎత్తు మరిచిపోయి దాటితే. నాకు ఈ ఒప్పందం లేదు. కుర్రాడొకడు నోరు తెరిచాడు కాబట్టి సరిపోయింది.

ఆపడం అంటే ఒక్కసారిగా తాళం వెయ్యడం కానక్కరలేదు. ఆ పరీక్ష బాగా జరిగితే పగలు, గాలి తక్కువున్నప్పుడు, తెలిసిన ఎయిర్‌పోర్టుల మధ్య ఎగరనివ్వండి. నెలకి రెండుసార్లయినా ఎగరాలి, మూడు నెలలకోసారి కదిలే పైలట్‌కి ఏ వయసులోనైనా చెయ్యి మొద్దుబారుతుంది. రెండేళ్ళ రివ్యూని ఆరు నెలలకోసారి చేయించుకోవాలి. పిల్లలు ఎక్కేటప్పుడు పక్క సీట్లో ఇంకో పైలట్ ఉండాలి. అది ఆయన పరీక్ష నెగ్గినా సరే. పరీక్ష బాగా జరగకపోతే ఆ పక్క సీటు ఆయనది, నడిపేది ఇంకొకరు. నేను మానేశాక రెండుసార్లు అలా వెళ్ళాను. ఒకసారి శీతాకాలం పొద్దున ధవళేశ్వరం మీదుగా వెళ్తుంటే, ఆనకట్ట దిగువన గౌతమీ వశిష్ఠా విడిపోయే చోట మంచు అచ్చం నది ఆకారంలోనే పడుకుని ఉంది. ఇన్నేళ్ళూ ఆ దారిన పోతూ ఒక్కసారీ అలా చూడలేదు, మీటర్లు చూసుకోవడమే సరిపోయింది.

మీరు ఇంకా ఊళ్ళోనే ఉన్నారనుకుంటున్నాను. బయలుదేరేలోగా నాన్నగార్ని ఒకటి అడగండి. పైలట్ల లాగ్ బుక్‌లో చివరి గడి రిమార్కులది. అందులో ఈ రెండేళ్ళలో తన తప్పు ఒక్కటైనా రాసుకున్నారా అని. ఇంటర్వ్యూలా కాకుండా, కాఫీ ఇచ్చి, మామూలుగా అడగండి. ఆయన నవ్వి రెండు మూడు చెబితే ఆ ఇన్‌స్ట్రక్టరు అపాయింట్‌మెంటు నెమ్మదిగా తీసుకోవచ్చు. "తప్పులా, నాకా?" అంటే మాత్రం డాలస్‌లో దిగిన వారంలోనే తీసుకోండి.